తిరిగొచ్చే పావురం

ఆ జైల్లో అతన్ని తోటి ఖైదీలంతా పావురాలయ్య అనేవారు. పదకొండేళ్ళుగా వంటశాల వెనక రేకుల గూళ్ళలో పావురాల్ని పెంచి, ఆదివారాలు గోడకున్న అమ్మకం కిటికీలోంచి బయటివాళ్ళకు అమ్మడం అతని పని. అతన్ని చూడ్డానికి ఎవరూ రారు. వచ్చేవాళ్ళంతా పక్షుల కోసమే వస్తారు. చేతులు చాపి అందుకుంటారు, రెక్కలు విప్పి చూసుకుంటారు, వెళ్ళిపోతారు.

బట్టలు కుట్టుకుని బతికే ఒక పెద్దావిడ మాత్రం అతని మొహంలోకి చూసి, భోంచేశావా నాయనా అని అడిగింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, మిషను ఆపితే చప్పుడే ఉండదు, ఒక్క పక్షి చాలు అంది. అతను తెల్ల ఆడపావురాన్ని ఇచ్చాడు. దాని జోడీని, మెడ మీద నల్లమచ్చ ఉన్న మగదాన్ని, గూట్లోనే ఉంచుకున్నాడు. జోడీని వదిలి పావురం ఎక్కడా నిలవదని అతనికి బాగా తెలుసు. అందుకే ఎప్పుడూ జంటగానే అమ్మేవాడు. ఈసారి ఏదో పరధ్యానంలో జరిగిపోయిందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు గానీ, ఆ మాట అతనికే అతకలేదు.

మూడో రోజుకి తెల్లపావురం వచ్చి గూటిమీద వాలింది. వార్డరు తలెత్తి చూశాడు.

"మీరంతా బయటికి పారిపోకుండా నేను కాపలా కాస్తుంటే, నీ పక్షులేంటయ్యా లోపలికి పారిపోయొస్తున్నాయి?"

ఆదివారం ఆవిడ బుట్ట పట్టుకుని వచ్చింది. చూపు మందగించిందనీ, సూదిలో దారం ఎక్కించడానికే పొద్దు గడిచిపోతోందనీ చెప్పి, పావురాన్ని తీసుకెళ్ళింది. ఆ రెండు మాటల్నే అతను వారమంతా నెమరేసుకున్నాడు. పావురం మళ్ళీ వచ్చింది, ఆవిడా మళ్ళీ వచ్చింది. అతను శనివారాలు గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగో ఆదివారం ఆవిడ బుట్ట కింద పెట్టి కిటికీ చువ్వ పట్టుకుంది.

"ఎన్నిసార్లైనా వచ్చి తీసుకెళ్తాలే. కానీ ఒక్కటి చెప్పు నాయనా, దీనికి మా ఇంట్లో ఏం తక్కువైంది? నా దగ్గర ఏదీ నిలవదు. మనుషులే నిలవలేదు."

ఊరుకుంటే వచ్చే ఆదివారం కూడా వస్తుంది, ఆ మాటే నమ్ముకుంటూ. చెబితే ఇక రావాల్సిన పనే ఉండదు.

గూళ్ళ దగ్గరికి వెళ్ళి, రెండు పావురాల్నీ తెచ్చాడు.

"మీ ఇంట్లో ఏ లోటూ లేదమ్మా. దీని జోడీని నేనే దాచుకున్నాను."

"ఎందుకు?"

"మీరు మళ్ళీ వస్తారని."

ఆవిడ అతన్నే చూసింది. కోపమో జాలో అతనికి అంతుపట్టలేదు. పక్షుల్ని బుట్టలో సర్దుకుని, మూతమీద చెయ్యి వేసి వీధి మలుపు తిరిగింది.

వారం గడిచింది. గూటిమీద ఏదీ వాలలేదు. ఏవయ్యా నీ చుట్టాలు అని వార్డరు అడిగితే, కుదురుకున్నట్టున్నాయి సార్ అన్నాడు.

శనివారం ఖాళీ గూట్లో నీళ్ళు మార్చాడు. గడ్డం గీసుకున్నాడు. ఆదివారం కిటికీ తెరవడానికి ఇంకా గంట ఉందనగానే వెళ్ళి, మూసిన తలుపు ముందు నిలబడ్డాడు.