బానెట్ మీద అత్తగారు

పొద్దున్నే దర్జీ మంచం దిగకముందు చేసే మొదటి పని చెవి రిక్కించడం. వంటగదిలో అత్తగారు అటూ ఇటూ తిరుగుతుంటే నేల ఎలా పలుకుతోందో వింటాడు. ఉత్త అడుగుల చప్పుడైతే ఆ పూటకి గండం గడిచినట్టే. నేల పలకలు కిర్రుమన్నాయంటే మాత్రం ఇంకో పది నిమిషాలు దుప్పటి ముసుగు తీయడు.

అత్తగారికి కోపం వస్తే బరువెక్కుతుంది. మామూలప్పుడు మనిషి పిట్టంత, సిమెంటు బస్తా కన్నా కాస్త తక్కువే తూగుతుంది. కోపం వచ్చిందా, చెక్క కుర్చీ ఆగదు. అందుకే ఆవిడకి ఇనప కుర్చీ చేయించారు. కొందరికి కోపం వస్తే ముఖం ఎర్రబడుతుంది, కొందరికి చేతులు వణుకుతాయి, ఈవిడకి బరువు, అంతే కదా. వీధిలోవాళ్ళు కూడా మట్టిలో ఆవిడ చెప్పుల గుర్తు ఎంత లోతుగా పడుతోందో చూసుకునే పలకరించాలో వద్దో తేల్చుకుంటారు. బస్సువాళ్ళయితే ఒకసారి ఫుట్‌బోర్డు ఊడిపోయాక ఆవిడ చెయ్యెత్తినా ఆపడం మానేశారు.

ఆవిడ మర్యాదస్తురాలు కూడాను. అల్లుడిని ఏనాడూ మీరు, గారు లేకుండా పిలవలేదు. కోపం పెరిగేకొద్దీ ఆ గారు ఇంకా గట్టిగా పడేది, అది వేరే సంగతి.

ఈ బరువుని వాడుకోవడం కూడా ఇంట్లో అలవాటైపోయింది. పెట్టె మూత పడకపోతే దర్జీ మెల్లగా తన తోడల్లుడి ఊసెత్తేవాడు. తోడల్లుడంటే అత్తగారికి పెద్దల్లుడు, ఆవిడ కళ్ళకి దేవుడు. ఆయన బట్టతల మీద ఓ మాట పడిందంటే ఆవిడ వచ్చి పెట్టె మీద కూర్చునేది, మూత టక్కున పడేది. కారు చక్రం మార్చాక నట్లు బిగించడానికీ అదే పద్ధతి. దర్జీ చక్రం పానా తగిలించి ఓ ఎత్తిపొడుపు విసురుతాడు, ఆవిడ పానా మీద కాలేస్తుంది, నట్టు బిగుసుకుంటుంది.

మొన్నామధ్య మాత్రం ఒక మాట ఎక్కువైంది. పంక్చరైన వెనక ఎడమ చక్రం మార్చి, నాలుగో నట్టు దగ్గరికి వచ్చేసరికి, పెద్దల్లుడికి స్టెప్నీ ఎక్కడుంటుందో కూడా తెలియదని దర్జీ అన్నాడు. అత్తగారు పానా మీద కాలేసింది. ఠప్పుమని నట్టు ఎక్కే స్టడ్డు విరిగి, ముక్కతో సహా నట్టు కాలువలో పడింది. కాలు నేలకి ఆనిన చోట పలకరాయి అడ్డంగా పగిలింది.

నువ్వంటే నువ్వని ఆ పగలంతా నడిచింది. ఎవరు తొక్కారని ఆయన, ఎవరు తొక్కించారని ఆవిడ. మధ్యలో దర్జీ భార్య ఇద్దరికీ చెరో మాట అప్పజెప్పి తలనొప్పని పడుకుంది. సాయంత్రానికి అత్తగారు తీర్పు చెప్పేసింది. ఈ ఇంట్లో ఇంక మంచినీళ్ళు కూడా ముట్టదట, పెద్దకూతురింటికి పోతుందట, కారు బాగవగానే దింపి రావాలట. దర్జీ ఒక్కసారి కూడా కాదనలేదు. తొమ్మిదేళ్ళలో ఆ ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది అప్పుడే.

మెకానిక్కి రెండు రోజుల దాకా తీరిక లేదు. అన్నాళ్ళు ఎవరాగుతారు? దర్జీ పోయి కొత్త స్టడ్డు తెచ్చాడు. తెల్లారగానే వాకిట్లో పని మొదలుపెట్టాడు.

చేతిపని మనిషి కాబట్టి పని తెలుసు. మిగిలిన మూడు నట్లు కాస్త వదులు చేసి, జాకీ పెట్టి కారు లేపి, చక్రం ఊడదీశాడు. చక్రం కూర్చునే హబ్బు కిందకి ఇటుకలు పేర్చాడు. సుత్తితో తట్టి తట్టి బ్రేకు డ్రమ్ము లాగాడు. విరిగిన స్టడ్డుని ముందు నుంచి కొడితే వెనక్కి ఊడి పడింది. ఇక కొత్తదాన్ని వెనక నుంచి రంధ్రంలోకి దూర్చి, ముందు నుంచి వాషర్లూ నట్టూ వేసి లాగాలి.

అన్నీ సరిగ్గానే చేశాడు. ఆ ఇంట్లో పసివాడికైనా తెలిసిన సంగతొకటి మరిచాడు. అత్తగారు పగలగొట్టిన పలక మీద ఏదీ పెట్టకూడదు. జాకీ పెట్టిన చోటు అదే. ఎలా చూస్తాడు, నోరు ఖాళీగా ఉంటేగా. గుమ్మం పక్కన ఇనప కుర్చీలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని అత్తగారు కూర్చుంది, పని తొందరగా తెమల్చమని నిమిషానికొకసారి అడుగుతోంది. తనకి అంతకన్నా తొందరగా ఉందని ఆయన జవాబిస్తున్నాడు.

కుడిచెయ్యి హబ్బు వెనక్కి పెట్టి, స్టడ్డు పళ్ళు ఎక్కడ పడతాయో వేళ్ళతో వెతుకుతున్నాడు. పలక ఒక పక్కకి ఒరిగింది. జాకీ వంగింది. కారు నాలుగు వేళ్ళ మేర దిగి, దర్జీ మణికట్టుని ఇటుకల మీద అదిమిపెట్టింది.

ఇంకా నలగలేదు. కానీ జాకీ జారుతూనే ఉంది, చీమ నడిచినట్టు. ఆ చెయ్యి కత్తెర పట్టుకుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బడిపిల్లల బట్టలు మూడొందల జతలు కత్తిరించాల్సినవి లోపల బల్ల మీద ఉన్నాయి.

సాయానికి నిలబడ్డ భార్య చేతిలో వాషర్లు కిందపడేసింది. కారు ఎత్తబోయింది, అయ్యే పనా. వెంటనే తల్లివైపు తిరిగింది.

"అమ్మా, ముందుకెళ్ళు. ఆ కుడి మూల బానెట్ ఎక్కి కూర్చో."

పొద్దుట్నుంచీ కోపంగానే ఉందేమో, అత్తగారు కూర్చోగానే బానెట్ డొప్పలా లోపలికి పోయింది. ముందు మూల దిగింది, వెనక ఎడమ మూల రెండు వేళ్ళు లేచింది. ఇంకో వేలు లేస్తే చెయ్యి వచ్చేస్తుంది. అప్పుడావిడ తల తిప్పి చూసింది. అల్లుడి వేళ్ళు సిరా పోసినట్టున్నాయి.

"అయ్యో" అంది.

ఆ ఒక్క మాటకి కారు వెనక మూల వెంట్రుకవాసి దిగింది.

"జాలిపడకండి అత్తయ్యా, చచ్చిపోతాను."

"నేనేం పడటం లేదు" అంది గానీ, కారు ఇంకాస్త దిగింది.

దర్జీ పళ్ళు బిగబట్టి పెద్దల్లుడి బట్టతల ఎత్తుకున్నాడు. లాభం లేదు. ఆవిడ వంట పశువులు కూడా ముట్టవన్నాడు. పాపం, నొప్పికి ఏదో వాగుతున్నాడనుకుని ఆవిడ ఇంకా కరిగింది. ఇటుక మీద ఎముక కటుక్కుమనబోతోంది. ఇక మిగిలింది ఒకటే మాట. అది తొమ్మిదేళ్ళుగా ఆయన కడుపులోనే ఉంది, అక్కడే ఉండాల్సిన మాట.

మామగారు రైల్వే ఆఫీసులో గుమాస్తా. పదకొండేళ్ళు ఎక్కడో దూరపు ఊళ్ళో పనిచేసి, నెలకోసారి ఇంటికొచ్చేవాడు. ఆయన్ని అంతదూరం విసిరేసిన ఆఫీసరుని అత్తగారు ఇప్పటికీ తిట్టని రోజు లేదు. ఆ తిట్లతోనే ఆవిడ సంసారం నిలబెట్టుకుంది.

"మామయ్యని ఏ ఆఫీసరూ పంపలేదు అత్తయ్యా" అన్నాడు దర్జీ. "ఆయనే అర్జీ పెట్టుకుని మరీ వెళ్ళారు. ఏటేటా మళ్ళీ పెట్టుకున్నారు. పదకొండుసార్లు."

ముందు దీపం అద్దం చిటపటమని పగిలింది. ముందు టైరు నేలకి పరుచుకుపోయింది. కారు వెనక భాగం నీళ్ళలోంచి లేచినట్టు మెల్లగా లేచింది, మోకాలెత్తు దాకా. జాకీ దానంతటదే పక్కకి పడిపోయింది.

దర్జీ చెయ్యి లాక్కున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ ముడిచి చూసుకున్నాడు. అయిదూ కదిలాయి.

భార్య మంచి పలక చూసి జాకీ మళ్ళీ పెట్టింది. పెట్టాల్సిన పనే లేదు, అత్తగారు దిగితేగా.

"ఎవరు చెప్పారు" అంది, వెనక్కి తిరక్కుండా.

"ఆయనే. పోయేముందు, ఆసుపత్రిలో."

"ఏమని."

సగం చెప్పాక మిగతా సగం దాచడం ఎలా?

"అక్కడ నేల కిర్రుమనదు అన్నారు."

బానెట్ ఇంకో బెత్తెడు కుంగింది.

"తొమ్మిదేళ్ళు నా చేతి అన్నం తింటూ ఇది కడుపులో పెట్టుకున్నావా నువ్వు" అంది అత్తగారు. ఆ ఇంట్లో అల్లుడికి మర్యాద పోయింది ఆ వాక్యంతోనే. "ఆ నట్టు బిగించు ముందు. ఈ పూటే పోతాను."

దర్జీ ఎడమచేత్తో స్టడ్డు పట్టుకున్నాడు, భార్య వాషర్లు వేసి నట్టు తిప్పింది. స్టడ్డు తల వచ్చి హబ్బుకి ఆనేదాకా లాగారు. డ్రమ్ము, చక్రం, నాలుగు నట్లు. ఈసారి పానా మీద ఎవరినీ కాలేయనివ్వలేదు.

ముందు టైరుకి గాలి కొట్టి, పెట్టె డిక్కీలో పెట్టారు. అత్తగారు వెనక సీట్లో కూర్చుంది. స్ప్రింగులు కుయ్యిమని, మడ్‌గార్డు వచ్చి టైరు మీద కూర్చుంది. దర్జీ గేరు వేస్తే మాడు వాసన వచ్చింది తప్ప చక్రం తిరగలేదు. మూడుసార్లు చూసి ఆవిడ దిగిపోయింది.

"రేపు చూద్దాం" అంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దున్నే స్నానం చేసి, పెట్టె పట్టుకుని వచ్చి కార్లో కూర్చోవడం, మడ్‌గార్డు దిగడం, ఆవిడ దిగిపోవడం. దర్జీతో మాట లేదు. కంచం పెట్టేటప్పుడు కూడా గోడకేసి చూసి పెట్టేది. ఆయన టేపు పట్టుకుని రోజూ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు కొలిచేవాడు. వారం దాకా సున్నా. తర్వాత పావు అంగుళం. అర. వాపు తగ్గి ఆయన మళ్ళీ కత్తెర పట్టేనాటికి అంగుళమున్నర.

పందొమ్మిదో రోజు సందు మూడంగుళాలుంది. మామూలు మనిషి కూర్చున్నట్టే. దర్జీ టేపు చుట్టి, తాళాలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అత్తగారు ఎదురుగా చూస్తూ కూర్చుంది. పెట్టె డిక్కీలో కాక, ఒళ్ళోనే ఉంది.

"కదులుతుందా?" అని అడిగింది. పందొమ్మిది రోజుల్లో ఆయనతో అదే మొదటి మాట.

"కదులుతుంది" అన్నాడు దర్జీ. తన కుడిచేతికేసి ఓసారి చూసుకున్నాడు. "కాకపోతే ముందు పెద్దల్లుడికి ఫోను చేసి ఇనప కుర్చీ ఒకటి చేయించమనండి. ఆ పిసినారి ముక్కాలిపీట వేసి ఊరుకుంటాడు. ఉన్న వెంట్రుకలే ఖర్చుపెట్టి అయిపోగొట్టుకున్నాడు, ఇక కుర్చీలు ఎక్కడ చేయిస్తాడు."

స్ప్రింగులు కుయ్యిమన్నాయి. మూడంగుళాలు రెండైంది, ఒకటైంది, మడ్‌గార్డు టైరు మీద కూర్చుంది.

అత్తగారు తలుపు తోసుకుని దిగింది. పెట్టె చంకన పెట్టుకుంది.

"రేపు చూద్దాం లెండి, అల్లుడుగారూ" అంది. గారు చాలా గట్టిగా పడింది.

వంటగది పలకలు ఒకదాని తర్వాత ఒకటి కిర్రుమన్నాయి. దర్జీ తాళాలు మేకుకి తగిలించి, మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించాడు.