అగ్రికో నుంచి వచ్చే వ్యాఖ్య

మీ బ్లాగు ఎంతమంది చదువుతారని అడిగితే ధర్మరాజు మాట మార్చేస్తాడు. ఒకప్పుడు బాగానే చదివేవారు. తెలుగులో బ్లాగులు కొత్తగా పుట్టిన రోజుల్లో, టాటానగర్‌లో గూడ్సు గార్డుగా డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చునేవాడు. తనుండే పేట బర్మామైన్స్ మురుగుకాలువ దగ్గర్నుంచి ఢిల్లీ రాజకీయాల దాకా ఆయన వేలు పెట్టని సంగతి లేదు. అప్పట్లో ఊళ్ళో తెలుగు బ్లాగర్లు అరడజను మంది ఉండేవారు. ఒకరి టపా మీద, అంటే బ్లాగులో పెట్టిన రాత మీద, ఒకరు విరుచుకుపడటమే వాళ్ళ స్నేహం. తరవాత ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరు ఫేస్‌బుక్కుకు పోయారు, ఒకాయన పైకే పోయాడు. చివరికి ఇద్దరు మిగిలారు, బర్మామైన్స్‌లో ధర్మరాజు, కంపెనీ క్వార్టర్ల పేట అగ్రికోలో సోమేశ్వరరావు.

సోమేశ్వరరావుది ఒరిస్సా సరిహద్దు ఊరు. స్టీలు కంపెనీలో డ్రాయింగులు గీసి రిటైరై, అదే కంపెనీ కూతురికి ఇచ్చిన క్వార్టర్లో ఆమెతోపాటు ఉంటున్నాడు. ఆయనకూ ఒక బ్లాగు ఉంది గాని, ఆయన ప్రతిభంతా ధర్మరాజు టపాల కింద రాసే వ్యాఖ్యల్లోనే కనబడేది. “అయ్యా, కాలువ గురించి ఏకరువు పెట్టారు, సంతోషం. అది ఏ వీధిలో ఉందో మాత్రం తప్పు రాశారు” అని మొదలయ్యేది ఆయన దాడి. ధర్మరాజు ఉడికిపోయేవాడు. ఉడికిపోతూనే, వ్యాఖ్య రావటం ఒక పూట ఆలస్యమైతే అన్నం ముందు కూర్చుని ఫోను చూసుకునేవాడు.

ఇద్దరూ ఎదురెదురుగా కలుసుకోవటం మాత్రం మానేసి చాలా ఏళ్ళయింది. దానికి కారణం ఒక బీరువా. బర్మామైన్స్ సందులో తెలుగువాళ్ళ చదువుకునే గది ఒకటి ఉంది. దానికి మొదటి బీరువాను చేతిబండి మీద తెచ్చింది మా నాన్నంటే మా నాన్నని ఇద్దరూ ఆ గదిలోనే అరుచుకున్నారు. సోమేశ్వరరావుకు కోపం వస్తే ఎడమ అరచేత్తో బల్ల మీద దబదబా కొట్టేవాడు. ఆ రోజు అలా కొట్టి వెళ్ళిపోయినవాడు మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు. తగవు మాత్రం బ్లాగులో కొనసాగింది. ధర్మరాజు ఏటా ఆ బీరువాను తల్చుకోవటం, ఆయన ఖండించటం ఒక ఆనవాయితీ అయిపోయింది.

అలాంటి మనిషి ఈ వేసవిలో ఉన్నట్టుండి “బాగుంది” అని రాశాడు. అంతే, ఒక్క మాట.

ధర్మరాజు ముందు నవ్వుకున్నాడు. తరవాతి టపాకూ అదే మాట, ఆ తరవాతి దానికీ అదే. బ్లాగు రాసేవాళ్ళకు ఆ మాట సంగతి బాగా తెలుసు. చదవకుండా దాటిపోయేవాళ్ళు మర్యాదకు పడేసి పోయే మాట అది. ఆప్తుడన్నవాడు ఎక్కడో ఒకచోట తప్పు పడతాడు. ధర్మరాజు కావాలని ఒక తేదీ తప్పు రాసి చూశాడు. “బాగుంది” అనే వచ్చింది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో చదువుకునే గదికే ముప్పు వచ్చింది. గదికి ఇప్పుడు వచ్చే పిల్లలు లేరు, పెద్దలూ తగ్గిపోయారు. వార్డు నాయకుడొకడు దాన్ని తన పార్టీ ఆఫీసుకు అడుగుతున్నాడు. ధర్మరాజు ఒళ్ళు దాచుకోకుండా పెద్ద టపా రాశాడు. సోమేశ్వరరావు ఎంత వంకరవాడైనా ఈ విషయంలో తన పక్కన నిలబడతాడని ఆయన నమ్మకం. వాళ్ళ నాన్న ఊపిరి కూడా ఆ గదిలోనే ఉంది మరి. దాని కిందా “బాగుంది” అనే వచ్చింది. ఆ వారమే బజార్లో ఎవరో చెప్పారు, నాయకుడి కారు అగ్రికోలో సోమేశ్వరరావు క్వార్టరు ముందు ఆగి ఉండగా చూశామని.

ధర్మరాజుకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. “అగ్రికో వారి మౌనం ఖరీదెంత?” అని పేరు పెట్టి మరీ రాశాడు. సొంత బ్లాగు మూసుకున్నారు, ఎదుటివాడి బ్లాగులో బాగుంది బాగుంది అని భజన చేస్తున్నారు, తండ్రి కష్టపడి నిలబెట్టిన గదిని కొడుకు కారులో వచ్చినవాడికి అమ్ముకున్నాడని రాశాడు. రాస్తున్నంతసేపూ చెయ్యి హాయిగా నడిచింది. ఎక్కడెక్కడి పాత బ్లాగర్లో నిద్రలేచి వచ్చి చప్పట్లు కొట్టారు. చాలా ఏళ్ళ తరవాత ధర్మరాజు బ్లాగు కళకళలాడింది.

మర్నాడు ఆ చప్పట్ల కింద సోమేశ్వరరావు పేరుతో వ్యాఖ్య కనబడింది. “బాగుంది.”

చప్పట్లు కొట్టినవాళ్ళు, చూశారా, ఒప్పుకున్నాడు అని రాశారు. ధర్మరాజు మాత్రం ఆ మాటను మళ్ళీ మళ్ళీ చదివాడు. అమ్ముడుపోయావని ముఖం మీద అంటే బాగుందనే మనిషి ఎక్కడా ఉండడు. సోమేశ్వరరావు అసలే అనడు. ఫోను చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయిన మొగుణ్ణి సన్యాసమ్మ చూసింది.

“ఏటి, అలగ రాయిలాగ నిలబడిపోనావు?”

ఆయన చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరటం ఆపింది.

“తిడితే బాగుందన్నాడా? ఆ మడిసికేటో అయిందయ్యా. సేతిలో పోను ఉంటే సాలా, ఇన్నేళ్ళలో ఓపాలైనా గుమ్మం తొక్కినావా? ఎళ్ళు, ఎళ్ళి సూసి రా.”

అగ్రికోలో తలుపు తీసింది సోమేశ్వరరావు కూతురు తనుశ్రీ. ధర్మరాజు పేరు చెప్పగానే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. “పాపా కే బ్లాగ్‌వాలే అంకుల్” అని, నాన్నగారి బ్లాగు అంకులొచ్చారని సంబరపడుతూ చెయ్యి పట్టుకున్నంత పనిచేసి లోపలికి తీసుకెళ్ళింది. లోపలి గదిలో మంచం మీద సోమేశ్వరరావు ఉన్నాడు. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మర్చిపోయిన వస్తువులా పడి ఉంది. వచ్చినవాణ్ణి చూసి, మెల్లగా ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

వేసవి మొదట్లో పక్షవాతం వచ్చిందని తనుశ్రీ హిందీలో చెప్పుకొచ్చింది. మాట పూర్తిగా పోయింది. చూపూ ఆనదు. ఎవరికీ చెప్పొద్దని మొదట్లో సైగ చేశాడట. వార్డు నాయకుడికి మాత్రం ఎలాగో తెలిసి, పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చి వెళ్ళాడు. తనకు తెలుగు చదవటం రాదు, విన్నా ఒకటి రెండు మాటలకు మించి అర్థం కావు గాని, నొక్కితే ఫోనే టపా చదివి వినిపిస్తుంది.

“మీ బ్లాగంటే పాపాకి ఎంత ఇష్టమో అంకుల్. వింటున్నంతసేపూ ఎడమ చెయ్యి మంచం మీద దబదబా కొడతారు, ఆనందం పట్టలేక. అందుకే నేను ఫోనుకి బాగుంది అని చెప్తాను, అదే తెలుగులో రాసేస్తుంది.”

ధర్మరాజు దుప్పటి మీది ఎడమ చేతికేసి చూశాడు. ఆ చెయ్యి ఆయనకు తెలుసు. అది కాదు, కాదు అని కొట్టే చెయ్యి. ఆ పిల్ల బాగుందని పంపిన ప్రతి చోటా సోమేశ్వరరావు ఈ మంచం మీద తనతో పోట్లాడుతూనే ఉన్నాడు. తప్పు తేదీ దగ్గర ఎంత గట్టిగా కొట్టి ఉంటాడో. గది టపాకు నాయకుడి మీద ఎంత మండిపడి ఉంటాడో.

“మొన్నటి దానికే చెయ్యి కదల్లేదు” అంది తనుశ్రీ. “నిద్రపోయారేమో అనుకున్నా. చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. కంట్లో మందు వేశాను. చెయ్యి కదలకపోయినా బాగుంది అని పంపాను లెండి. మీరు బాధపడకూడదు కదా. అప్పట్నుంచి ఫోను దగ్గరికి తెస్తే ముఖం తిప్పేసుకుంటున్నారు. అందులో ఏముంది అంకుల్?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట ధర్మరాజు నాలుక దాకా వచ్చింది కూడా. గోడవైపు తిరిగి ఉన్న తల వింటోందని తెలిసి ఆగిపోయాడు. మీ నాన్న అమ్ముడుపోయాడని రాశానమ్మా అని ఆమెకు తెలిసిన హిందీలోనే చెప్పాడు.

తనుశ్రీ వెళ్ళి తండ్రి తల కింద దిండు సర్దింది. చాలాసేపు సర్దింది.

ధర్మరాజు మంచం దగ్గరికి జరిగాడు. “సోమేశ్వరరావు గారూ, తప్పైపోయిందండి. నా సెయ్యి ఇరిగిపోనూ. మీరిలగున్నారని తెలీదు. తెలుసుకోడానికి నానైనా రావాల కదా, రాలేదు.” గోడవైపు తల అలాగే ఉంది. దుప్పటి మీద ఎడమ చెయ్యి అలాగే ఉంది. “ఆ బీరువా మా నాన్నే తెచ్చినాడు” అన్నాడు ధర్మరాజు ఆశగా, గొంతు పెంచి. “మా నాన్నే, సేతిబండి మీద తెచ్చినాడు.” ఒక్క దెబ్బ వినబడితే చాలని ఎదురుచూశాడు. ఇన్నేళ్ళూ ఆ అబద్ధానికి అగ్గి మీద గుగ్గిలమైన మనిషి ఇప్పుడు వేలైనా కదపలేదు.

“పాపాని అటు తిప్పే వేళైంది” అంది తనుశ్రీ మెల్లగా. అది వెళ్ళమనటమే.

ఇంటికి వచ్చి ధర్మరాజు ఆ టపా తీసేశాడు. దాంతోపాటు చప్పట్లూ పోయాయి. ఆ సాయంత్రమే కొత్తది రాశాడు. సోమేశ్వరరావు జబ్బు గురించి ఒక్క ముక్క రాయలేదు, ఆయన దాచుకున్న సంగతి అది. మొన్న రాసింది అబద్ధమని, తెలుసుకోకుండా నోరు పారేసుకున్నానని రాశాడు. చదువుకునే గదికి బీరువా తెచ్చింది సోమేశ్వరరావు గారి తండ్రేనని, తన తండ్రి బండి వెనక నుంచి తోశాడంతేనని, చిన్నప్పుడు కళ్ళారా చూసి కూడా ఇన్నాళ్ళూ బుకాయించానని రాశాడు. సన్యాసమ్మ కాఫీ తెచ్చి పెట్టి, పక్కనే కూర్చుంది.

వీధి దీపాలు వెలిగే వేళకు ఫోను మోగింది. అగ్రికో నుంచి వ్యాఖ్య. “బాగుంది.”

“ఏటన్నాడు?” అంది సన్యాసమ్మ.

ధర్మరాజు ఫోను ఆమె చేతికిచ్చాడు. వెళ్ళగానే తనుశ్రీ ఇచ్చిన నంబరు అందులోనే ఉంది. చెయ్యి కదిలిందా అమ్మా అని అడిగితే ఆ పిల్ల నిజమే చెప్తుంది. అడగటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.