సన్మానం రోజు సెంటర్లో చెట్లు

మా ఊరి సెంటర్లో మూడు నిద్రగన్నేరు చెట్లుండేవి. తెల్లదొరల కాలంలో కాలవ లాకుల సూపర్‌వైజరొకాయన నాటించాడట. ఎన్నికల మీటింగులు, క్రిస్మస్ పాటలు, పాలకొల్లు బస్సు కోసం పడిగాపులు, అన్నీ వాటి కిందే. పేరు నిద్రగన్నేరు, నిద్రపోయింది మాత్రం మేమే.

అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కడతారని తెలిశాక ఓ కమిటీ పెట్టుకుని, వంతులేసుకుని చెట్ల కింద కూర్చోవడం మొదలెట్టాం. మనుషులుండగా రంపం పెట్టరని మా ధైర్యం. కుర్చీలు పంపింది సూర్యరాజు గారు. కాంట్రాక్టరే అయినా, ముప్పయ్యేళ్ళుగా ఆ నీడలో నాతో టీ తాగిన మనిషి.

ఓ ఉదయం ఆయనే వచ్చారు. "రామకృష్ణ గారూ, సెంటర్ చరిత్ర మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసండి? ఆదివారం కళ్యాణమండపంలో మీకు సన్మానం. కమిటీ అంతా రావాలి, ఒక్కరు తగ్గినా ఊరుకోను."

"మరి చెట్ల దగ్గరెవరుంటారండి?" అంది టీకొట్టు ప్రసన్నకుమారి.

"మా మేస్త్రీని కూర్చోబెడతానమ్మా."

"సన్మానంలో సగం మానేగా, భయమేంటి?" అన్నాను. అందరూ నవ్వారు. రాజుగారు ఇంకాస్త ఎక్కువ నవ్వారు.

ఆదివారం శాలువా కప్పి, దండ వేసి, మైకిచ్చారు. సన్మానితుడు మాట్లాడుతుంటే సభలోంచి లేవడం మా వైపు తప్పు. నేను ముగించబోయినప్పుడల్లా రాజుగారు నా చెయ్యి నొక్కి, "లాకుల సంగతి చెప్పలేదండి," "దొరగారి గుర్రం సంగతండీ," అని అందించారు. తర్వాత భోజనాలు. నా విస్తట్లో పూతరేకు మీద పూతరేకు ఆయనే వడ్డించారు. నేనక్కడ కోతలు కోస్తున్నంతసేపూ ఇక్కడ కోత సాగింది.

తిరిగొచ్చేసరికి సెంటరంతా ఎండ. మా కుర్చీలో, రంపపు పొట్టు మధ్య, మేస్త్రీ కూర్చుని ఉన్నాడు.

"కూర్చోమన్నారండి, కూర్చున్నాను," అన్నాడు.

వెనకే కారు దిగారు రాజుగారు. "కాంప్లెక్స్ పని నాకే వచ్చిందండి. కళ్ళారా చూస్తే తట్టుకోలేరని మిమ్మల్నలా తప్పించాను. మీ స్పీచి మాత్రం అద్భుతం." కొట్టువైపు తిరిగారు. "రెండు టీ అమ్మా."

ప్రసన్నకుమారి కొట్టు తెరిచి, టీ మరిగించి, ఒక్క గ్లాసే పోసి నా చేతికిచ్చింది.

"మరి నాకో?"

"అయిపోయిందండి."

గిన్నెలో టీ ఇంకా మరుగుతూనే ఉంది. ఆయన చూశారు, నేనూ చూశాను. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆయన ముందు ఒక్కణ్ణే తాగాను. శాలువా ఆయన మొహాన విసరాలనుంది. కానీ నెత్తి మాడిపోతోంది. తీసి తలమీదే కప్పుకున్నాను.