తలుపు దగ్గర మనిషి

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అందరికీ ఆమె అక్కే. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడు. ఆమెలాగే వాడూ అక్కడ మెకానిక్కు. నోట్లో నాలుక లేనివాడని పేరు గానీ, పనిలో వాడి చేతికి తిరుగులేదు. మోటారు మీద చెయ్యి వేస్తే చాలు, రోగమేమిటో తెలిసిపోతుంది. తెలిసినా చెప్పడు, అక్క వైపు చూస్తాడు, ఆవిడ చెబుతుంది. "మావాడు" అన్నప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారుగా నిలబడేది.

కొత్త మేనేజరు మంచివాడే. కాకపోతే ఎక్కడో శిక్షణకు వెళ్లి, మనుషులు నాలుగే రకాలని నేర్చుకొచ్చాడు. అందరిచేతా ప్రశ్నలకు టిక్కులు పెట్టించి తలా ఒక రంగు అంటగట్టాడు. కయ్యానికి కాలుదువ్వే వెల్డరుకు ఎరుపు, వాగుడుకాయకు పసుపు. జాతకం చెప్పించుకున్నట్టు జనం మురిసిపోయారు కూడా. తమ్ముడికి నీలం వచ్చింది. నీలం వాళ్లు మనుషులతో నెగ్గుకురాలేరట. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లను బయటికి తీసే పని ఇక వద్దని, సోమవారం నుంచి వర్క్‌షాపులో కూర్చుని మోటార్లు విప్పుకొమ్మని చెప్పాడు.

తమ్ముడు నోరు తెరవబోయాడు. ఈలోపే అక్క అందుకుంది.

"వాడికి ఎక్కడైనా ఒకటే సార్."

తెరవబోయిన నోరు మూతపడింది.

శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఓ పాత భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట. లోపల ఓ పెద్దావిడ ఒంటరిగా ఉందట. ఎప్పుడూ తలుపు దగ్గర కూర్చుని ధైర్యం చెప్పేది వాగుడుకాయ, పై అంతస్తులో మిషన్ రూములో చక్రం తిప్పి లిఫ్టును దించేది తమ్ముడు. ఆ రోజు వాగుడుకాయకు జ్వరం. తలుపు దగ్గర తనే ఉందామని అక్క తమ్ముడితో బయలుదేరింది. తీరా వెళ్లాక, తమ్ముడు మిషన్ రూము తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, తలుపు ముందు నేలమీద చతికిలబడ్డాడు.

వీడక్కడ మూగనోము పడితే ఆ పెద్దావిడ గుండె ఆగిపోదూ అని గొణుక్కుంటూ అక్క మెట్లెక్కింది. మిషన్ రూములో ఇనుప తాళ్లు కిందికి దిగడానికి నేలకు కంతలుంటాయి. ఆమె చక్రం పట్టుకుందో లేదో, ఆ కంతల్లోంచి ఓ మగగొంతు వినబడింది. ఎవరో పక్కింటాయన పుణ్యం కట్టుకున్నాడు అనుకుంది.

పక్కింటాయన కాదు. తాళ్లు ఎందుకు తెగవో చెబుతున్నాడు. బడిలో మాస్టారు తన పేరు అడిగితే, పక్క క్లాసులోంచి అక్క పరిగెత్తుకొచ్చి చెప్పిన ముచ్చట చెబుతున్నాడు. లోపలినుంచి పెద్దావిడ తలుపు బాదడం ఆగిపోయింది. ఇంత మాటకారివి, నీకు మాటలు రావన్నదెవరని పెద్దావిడ అడిగింది.

"మా అక్కేనండీ. నేను మాట వెతుక్కునేలోపే తను చెప్పేస్తుంది. ప్రేమ ఎక్కువ. మొన్న వర్క్‌షాపుకు పొమ్మంటే సరేనంది కూడా తనే. నాకీ పనే ఇష్టమండీ. కానీ ఎప్పుడూ పైనే ఉంటాను, దిగొచ్చేసరికి మీలాంటివాళ్లు వెళ్లిపోతారు. ఒక్కసారైనా బయటికొచ్చే మనిషిని ఎదురుగా ఉండి చూడాలని ఇవాళ ఇక్కడ కూర్చున్నాను."

అక్క చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది. వాడి ఆకలి, వాడి జ్వరం, వాడి ఇష్టం అన్నీ తనకే తెలుసనుకుంది. మేనేజరు మొన్న వేసిన రంగు తను ఎన్నేళ్ల కిందట వేసిందో! అంతలో కిందనుంచి పెద్దావిడ పకపకా నవ్వింది. చీకటి పెట్టెలో చిక్కుకున్న మనిషిని తన తమ్ముడు నవ్వించాడు. సిగ్గూ గర్వమూ ఒక్కసారే వచ్చి అక్క కళ్లు తుడుచుకుంది. గర్వమే ఎక్కువ. వాడి మాటకు అడ్డు రాకుండా మెల్లగా చక్రం తిప్పింది. దించాక పరుగెత్తుకుంటూ కిందికి వెళ్లలేదు. చూడాల్సినవాడు చూస్తున్నాడు.

సోమవారం మేనేజరు బుర్ర గోక్కుంటూ వచ్చాడు. పెద్దావిడ ఫోను చేసి తెగ పొగిడిందట. తమ్ముణ్ని పక్కన పెట్టుకునే, వీడికిక ఏ రంగు వేయాలని అలవాటుగా అక్కనే అడిగాడు.

"వాణ్నే అడగండి సార్," అంది అక్క.

మేనేజరు రెండుసార్లు ఆమె వైపే చూశాడు. మాట నాలుక చివరిదాకా వచ్చినా, పెదవులు బిగించి ఆపుకుంది.

"ఇకనుంచి తలుపు దగ్గర నేనుంటాను సార్," అన్నాడు తమ్ముడు. "రంగంటారా, మేం పన్నెండు మందిమి. నాలుగు సరిపోవు."

అక్క కిటికీ వైపు తిరిగింది. గర్వం దాచుకోవడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు.