మేకుకు తగిలించిన స్టాంపు

పొద్దున సరుకు ఎత్తే లిఫ్టు మొరాయించడంతో ఫ్యాక్టరీలో విమానం తలుపుల వరస మొత్తం వెనకబడింది. కిరణ్మయి అప్పట్నించీ ఒక్క నిమిషం కూర్చోలేదు. ఇదివరకు ముగ్గురు చేసే తనిఖీ ఇప్పుడు ఆమె ఒక్కతే చేస్తోంది. టార్చి పట్టుకుని వంగీ వంగీ నడుము పట్టేసింది. అన్నం వేళ దాటిపోయి కడుపు కాలుతోంది.

"అమ్మా కిరణ్మయీ, నువ్వెళ్ళి తినేసి రామ్మా. స్టాంపు మేక్కి తగిలించెళ్ళు. ఈ తలుపులు ఇవాళ లారీ ఎక్కకపోతే పైవాళ్ళు నన్ను బతకనివ్వరు" అన్నాడు షిఫ్ట్ మేనేజరు సుబ్బరాజు. భీమవరం వైపు మనిషి. బ్రిటన్ దేశంలోని ఈ కార్డిఫ్‌లో ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

కేల్డన్ కంపెనీ విమానాలకు తలుపులు తయారయ్యేది ఈ ఫ్యాక్టరీలోనే. బోల్టులన్నీ సరిగ్గా ఉన్నాయని కళ్ళారా చూసి, ఇన్‌స్పెక్టరు తన నంబరున్న స్టాంపు వేస్తేనే తలుపు బయటికి కదలాలి. ఆ స్టాంపు మరొకరి చేతికి ఇవ్వకూడదని గోడ మీద నిలువెత్తు బోర్డు ఉంది. టీ గదిలో కెటిల్ పక్కన ఒక మేకు కూడా ఉంది. తిండికి వెళ్ళే ఇన్‌స్పెక్టర్లు స్టాంపు దానికి తగిలించి వెళ్ళాలన్నది ఇక్కడి ఆచారం. పని ఆగకూడదు కదా! ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, తగిలించని వాణ్ణి నలుగురితో కలవని వాడిగా చూస్తారు.

పోయిన ఏడాది కేల్డన్ విమానం గాల్లో ఉండగా తలుపు ఊడిపోయింది. అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు. ఒక ముసలాయన చెయ్యి విరిగింది, ప్రయాణికుల కేకలు ఫోన్లలో ఊరూరా తిరిగాయి. ఆ తలుపు మీదున్న నంబరు ఇక్కడి ఇన్‌స్పెక్టరు డేవిడ్‌ది. స్టాంపు పడిన వేళకు డేవిడ్ టీ తాగుతున్నాడు. కంపెనీ డేవిడ్‌ని తీసేసింది, మేకును మాత్రం తీయలేదు. జనం టికెట్టు కొనేముందు అది ఏ కంపెనీ విమానమో చూసుకోవడం మొదలుపెట్టారు. ఆర్డర్లు రద్దయ్యాయి. పోయిన నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి కంపెనీ మహానుభావులు ఏం చేశారయ్యా అంటే, ఖర్చు ఎక్కువైందని ఉన్న ఇన్‌స్పెక్టర్లను తగ్గించారు. వాటాదార్ల డివిడెండులో ఒక్క పెన్నీ తగ్గలేదు.

ఇదంతా కిరణ్మయికి తెలుసు. తెలిసే స్టాంపు మేకుకు తగిలించి క్యాంటీన్‌కి వెళ్ళింది.

పెరుగన్నం డబ్బా మూత తీసేసరికి ఫోన్ మోగింది. కనకమ్మ. వాళ్ళ వీధిలోనే ఉండే అమరేందర్ తల్లి. కరీంనగర్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఆరునెలలైంది. అప్పట్నించీ, కిరణ్మయి షిఫ్టులో ఉంటే ఆమె కూతురు వర్షితను బడి నుంచి తీసుకొచ్చి, ఇంత ముద్ద పెట్టి కూర్చోబెట్టుకుంటోంది.

"తిన్నవా బిడ్డా? శనివారం ఊరికి వోతున్న. కొడుకు టికెట్ దీసిండు. మీ కంపెనీ ఇమానమేనట. కోడలేమో వద్దత్తమ్మా, మార్పిద్దాం అన్నది. నేనే వద్దన్న."

"ఎందుకాంటీ?" అంది కిరణ్మయి.

"ఎందుకేంది? తలుపులు జూసేది మన కిరణ్మయి గాదా! ఆమె జూసి ముద్దర గుద్దినంక ఇగ నాకేం భయమన్న. కోడలు గప్‌చుప్ అయింది."

అవతల కనకమ్మ నవ్వుతోంది. కిరణ్మయికి తల కొట్టేసినట్టయింది. మొన్న వేసవిలో విజయవాడ వెళ్ళడానికి భర్త శ్రీకర్ చవగ్గా ఉందని కేల్డన్ విమానంలో టికెట్లు చూస్తే, ఆ సీట్లలో కాళ్ళు పట్టవని చెప్పి, ఎక్కువ పోసి వేరే విమానంలో కొనిపించింది. తన బిడ్డను ఎక్కించని విమానంలోకి, తన బిడ్డకు అన్నం పెట్టిన మనిషి నవ్వుతూ ఎక్కబోతోంది. అదీ తన ముఖం చూసి.

"ఆంటీ, టికెట్ మార్పించుకోండి."

"ఏమైంది బిడ్డా?"

"నేను చూడని తలుపుల మీద కూడా నా స్టాంపు పడుతుందాంటీ. ఇప్పుడు నేను అన్నం దగ్గరున్నానా, అక్కడ పడుతూనే ఉంటుంది."

కనకమ్మ నవ్వు ఆగిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది కిరణ్మయికి.

"మొన్న మీరు ఇంటికి వొయిండ్రు గద. ఏ ఇమానంల వొయిండ్రు?"

"వేరే కంపెనీ విమానంలో ఆంటీ" అంది కిరణ్మయి. 

"సరే తీ. నేనైతె మార్సుకుంట. నాకు నువ్వున్నవు జెప్పెతందుకు. అందుల ఎక్కే కడమోల్లకు ఎవలు జెప్తరు బిడ్డా?"

ఆ మాట అని ఫోన్ పెట్టేసింది. ఎప్పుడూ వర్షిత గురించి అడగకుండా ఫోన్ పెట్టని మనిషి, ఇవాళ అడగలేదు.

కిరణ్మయి అన్నం మీద మళ్ళీ మూత పెట్టేసింది. లేచి టీ గదిలోకి వెళ్ళింది. మేకు ఖాళీగా ఉంది. అవతల షెడ్డులో సుబ్బరాజు తలుపుల మధ్య నిలబడి, నవదీప్ అనే కుర్ర ఫిట్టరు బోల్టులు బిగిస్తుంటే వెనకాలే స్టాంపు వేసుకుంటూ పోతున్నాడు. టార్చి ఆమె వదిలిన చోటే బల్ల మీద ఉంది.

"అదిలా ఇవ్వండి సుబ్బరాజుగారూ."

"అప్పుడే తినేశావేంటమ్మా? ఇంకొక్కటే, అయిపోవచ్చింది."

"ఇవ్వండి."

ఆయన ఇచ్చేదాకా చెయ్యి చాపే ఉంది. స్టాంపు పిడికిట్లో బిగించి, "స్టాంపు వేసిన తలుపులన్నీ పక్కన పెట్టించండి. నేను చూడాలి" అంది.

సుబ్బరాజు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీకేమన్నా మతిపోయిందేంటి? లారీ ఆగిందంటే రేపు ఫ్యాక్టరీకే తాళం పడుద్ది. ఇంతమంది పొట్ట కొడతావా? నిన్నిక్కడ పెట్టించింది ఎవరో మర్చిపోకు."

"మర్చిపోలేదండీ. మీ వల్లే తింటున్నాను. మీరొక్కళ్ళదే తప్పని కూడా అనను. తిలా పాపం తలా పిడికెడు, అందులో నా పిడికెడూ ఉంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ ఇది ఇంక మేకు ఎక్కదు."

"ఒక్కదానివి, ఇన్ని తలుపులు ఎప్పటికి చూస్తావు?"

"ఎంతసేపైతే అంతసేపు." ఆమె టార్చి అందుకుంది. అందుకుని, వెనక్కి తిరిగి అడిగింది. "మీ అమ్మాయి పెళ్ళికి డిసెంబర్లో అందరూ భీమవరం వెళ్తున్నారు కదండీ. ఏ విమానంలో?"

సుబ్బరాజు తలుపుల వైపు చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. నవదీప్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు. కిరణ్మయి టార్చి వెలిగించి మొదటి తలుపు దగ్గర వంగింది.