పది గంటల రేటు

కాంతమణి కందిపప్పు కవరు మూతిని సీలింగు మిషన్ దవడల మధ్య పెట్టి కాలితో తొక్కింది. ప్లాస్టిక్ కమిలిన వాసన వచ్చాక గానీ మూతి వంకరగా అంటుకుందని చూసుకోలేదు. కవరు చించి, పప్పు తిరిగి తొట్టిలో పోసి, ఇంకో కవరు తీసుకుంది. అదీ వంకరగానే అంటుకుంది.

ఆమె చేతులు అలా తప్పేవి కావు. ఏ.ఎస్. రావు నగర్‌లోని ‘వసుధ’ సూపర్‌మార్కెట్ పై అంతస్తులో, కిటికీ లేని ప్యాకింగ్ గదిలో, పప్పులూ చింతపండూ ఎండుమిరపకాయలూ కవర్లకెక్కించే ఆడవాళ్ళలో ఆమెది తొందరపడని చెయ్యి. పొడుగ్గా, సన్నగా, మెడ దగ్గర కొద్దిగా వంగిన మనిషి. సాయంత్రమయ్యేసరికి కనుబొమల మీద పప్పు నూగు పేరుకుని, యాభై నిండకుండానే ముసలిదానిలా కనిపించేది. మొదట స్కూల్లో ఆయాగా చేసింది. తర్వాత ఎస్టీడీ బూత్‌లో కూర్చుంది. ఇంటింటికీ సెల్‌ఫోన్లొచ్చి బూత్ మూతపడ్డాక ఇక్కడికొచ్చింది. ఎక్కడా ఎవరూ ఆమెను తిట్టలేదు, పొగడలేదు.

ఇందాక మేనేజర్ సూరి పైకొచ్చి వెళ్ళినప్పటి నుంచే ఆమెకు కుదురు లేదు.

“ఆంటీ, ఇవాళ ఫస్ట్ సండే. అందరికీ జీతాలు పడ్డాయి. సన్‌ఫ్లవర్ ఆయిల్ పదిహేను రూపాయలు తగ్గిస్తున్నాం,” అన్నాడు సూరి గొంతు తగ్గించి. టై ఇంకా ముడి వేసుకోలేదు. “కానీ బోర్డు పదింటికి పెడతాం. అప్పటిదాకా షెల్ఫ్ మీద పాత రేటే. అవతలి ‘గంప’ షాపు వాళ్ళ మనిషి పొద్దున్నే చూసుకుని పోతుంది కదా, పోనివ్వండి. వాళ్ళకి తెలిసేసరికి మన కౌంటర్లు నిండిపోవాలి. ఆయిల్ దగ్గర మీరే నిలబడాలి. ఇది బయటికి పొక్కకుండా చూడండి, ఈ నెల మిమ్మల్ని పర్మనెంట్ చేయిస్తా. ఈఎస్ఐ కార్డు కూడా వచ్చేస్తుంది, ఇంట్లోవాళ్ళకి కూడా మందులు ఫ్రీ.”

కార్డు అనగానే ఆమెకు భర్త నోవహు దగ్గు వినిపించింది. అతను కార్ఖానా ఏరియాలో ఒక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి కార్లకు స్ప్రే పెయింటు కొట్టాడు. ఇప్పుడు మూడు మెట్లెక్కేసరికి ఆయాసంతో నిలబడిపోతాడు. పీల్చుకునే మందు ఖరీదుకు భయపడి రెండుసార్లు పీల్చవలసినచోట ఒకసారి పీల్చి, బాగానే ఉందంటాడు.

ఆమె షాపు వాళ్ళిచ్చిన పచ్చ కోటు విప్పి మేకుకి తగిలించి, చెంగు సర్దుకుని, చేతిలో ఖాళీ సంచీతో వెనక మెట్లు దిగింది. చూసేవాళ్ళకి కాలనీ నుంచి సరుకులకి బయల్దేరిన ఇల్లాలు. అందుకే ఆ పని ఆమెకిచ్చారు. రోజూ పొద్దున గంప సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, నూనె, పంచదార, సోనామసూరి, సబ్బుల రేట్లు చూసి, గుర్తుపెట్టుకుని వచ్చి సూరికి చెప్పాలి. అవతల ఒక అర్ధరూపాయి తగ్గితే ఇక్కడా తగ్గుతుంది. కొన్న వస్తువు మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటామని వాళ్ళంటే వీళ్ళు బియ్యం బస్తా మూడో అంతస్తుదాకా మోసిపెడతామంటారు. గంప నుంచి కూడా ఒక మనిషి ఇక్కడికి అదే పని మీద వచ్చేది. ఆమె అచ్చియమ్మ.

ఇద్దరూ మొదట వసుధలోనే, నూనె అర ముందు కలుసుకున్నారు. కాంతమణి గంపలో చూసొచ్చిన రేట్లను చర్చి పాట వరసలో సన్నగా గొణుక్కుంటోంది. పక్కన అచ్చియమ్మ ఒక్కో రేటుకి ఒక్కో ముడి కొంగుకి వేసుకుంటోంది. ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు. అప్పటి నుంచి ఎవరూ అవతలి షాపుదాకా నడవలేదు. రెండింటికీ మధ్య, బస్టాపు వెనక టీ బండి దగ్గరున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని, నీవి నాకు చెప్పు, నావి నీకు చెప్తానన్నట్టు మార్చుకునేవారు. మిగిలిన సమయం కాళ్ళు చాపుకోవడానికి. పొద్దస్తమానం నిలబడే ఇద్దరికీ అదొక్కటే కూర్చునే వేళ. ఇన్నాళ్ళలో ఒకరికొకరు తప్పు రేటు చెప్పుకోలేదు.

అచ్చియమ్మ అప్పటికే వచ్చి మోకాళ్ళు రాసుకుంటోంది. పొట్టిగా, వెడల్పుగా, పెద్ద ముక్కుపుడకతో, నవ్వితే భుజాలు కదిలే మనిషి. విజయనగరం దగ్గర పల్లె నుంచి ఆటో తోలే మొగుడి వెంట వచ్చి, అతను పోయాక ఇక్కడే నిలిచిపోయింది.

“ఒలే మణీ, ఏటే అలగున్నావు? ఒల్లు బాగునేదా?”

“ఏం లేదక్కా. ఆయన రాత్రంతా దగ్గిండు.”

“ఆ కార్డేదో ఇస్తామన్నారు గదే మీవోళ్ళు?”

“అంటనే ఉన్నరు.” కాంతమణి టీ గ్లాసు అందుకుంది. వేడి తెలియలేదు.

“మావోడు నిన్న మీటింగెట్టి, కస్టమరు దేవుడన్నాడు. దేవుడైతే గుళ్ళో కూకుంటాడు గానీ, పావలా కోసం మనతో దెబ్బలాడతాడేటి బాబూ అన్నాను.” భుజాలు కదిలాయి. “ఆడు నవ్వనేదు. పోయినెల సబ్బుల రేటు మనం సెప్పుకున్నాక మాపిటేల మార్సేసినారు గదా మీవోళ్ళు, ఆ కోపం ఇంకా పోనేదు. ఇంకోపాలి తప్పితే ఇంటికెల్లిపో అనేసినాడు. ఉత్తుత్తికే అన్నాడనుకో. సెప్పు, సెప్పు, పంచదార ఎంత?”

కాంతమణి చెప్పింది. బియ్యం చెప్పింది. సబ్బులు చెప్పింది. అచ్చియమ్మ ముడులు వేసుకుంటూ పోయింది.

“సన్‌ఫ్లవరు?”

టీ బండివాడు గ్లాసులు కడుగుతున్నాడు. ఆ నీళ్ళు కాలువలా వచ్చి కాంతమణి చెప్పు కిందికి చేరాయి. ఆమె కాలు తీయలేదు.

“పాతదే.”

అది అబద్ధం కాదు. షెల్ఫ్ మీద ఆ నిమిషానికి అదే ఉంది. అచ్చియమ్మ ముడి బిగించింది.

“అక్కా,” అంది కాంతమణి. “ఇయ్యాల జెర పది దాటినంక ఒకసారి మా షాపులోపలికొచ్చి చూస్కపోరాదూ.”

“ఏటి సూడ్డానికి? నువ్వున్నావు గదే. నీ నోట ఒచ్చింది కంపూటర్లోంచి ఒచ్చినట్టే. ఈ మోకాళ్ళతోటి ఆదోరం రెండోపాలి నడవమంటావేటి, సంపేత్తావా నన్ను?”

కాంతమణి గ్లాసు బెంచీ మీద పెట్టింది. సికిందరాబాదు బస్సు వచ్చి, బ్రేకు కీచుమని, జనం దిగి, మళ్ళీ కదిలింది. రోజూ ముందు లేచేది అచ్చియమ్మ. ఈవేళ కాంతమణే లేచింది.

పదింటికి సూరి స్వయంగా స్టూలెక్కి పసుపుపచ్చ బోర్డు తగిలించాడు. అరగంటలో పార్కింగు నిండింది. భార్యా భర్తా ఇద్దరికీ జీతాలొచ్చే ఇళ్ళవాళ్ళు, ట్రాలీలో పిల్లల్ని కూర్చోబెట్టి, సెల్‌ఫోన్లలో ఇంకొకళ్ళని రమ్మని చెబుతూ వచ్చారు. కాంతమణి నూనె గుట్ట పక్కన నిలబడి ప్యాకెట్లు అందిస్తోంది. చేతులు జారుతున్నాయి. పచ్చ కోటు అంచుకి తుడుచుకుంటోంది, మళ్ళీ జారుతున్నాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె తల అటు తిరుగుతోంది. ఒకావిడ, “ఏమండీ, ఇటిస్తారా?” అని రెండుసార్లు అడగాల్సివచ్చింది.

వాచ్‌మన్ కాలేబు నీళ్ళు తాగడానికొచ్చి నవ్వాడు. “గంప మొత్తం ఖాళీ, మణమ్మా. వాళ్ళ మేనేజర్ రోడ్డు మీదికొచ్చి మన బోర్డు చదివి పోయిండు. ఫుల్ పరేషాన్ల ఉన్నడు.”

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మూసేసింది. బాత్రూమ్‌కని చెప్పి వెనక మెట్లు దిగి, గేటుదాకా వెళ్ళి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక తిరిగొచ్చింది. ఆ తర్వాత గంపవాళ్ళు వీళ్ళకన్నా ఒక రూపాయి తగ్గించారని, ఇంటికి ఉచితంగా తెచ్చిస్తామని కూడా మైకులో చెబుతున్నారని తెలిసింది. సూరి స్టూలెక్కి ఇంకో రూపాయి తగ్గించి రాశాడు. సాయంత్రానికి రెండు చోట్లా నూనె, కొన్న ధర కంటే తక్కువకే అమ్ముడుపోతోంది. పొద్దున ఎవరికి ముందు తెలిసిందన్నది ఇంక ఎవరికీ పట్టలేదు.

లైట్లు వేసే వేళకి అచ్చియమ్మ వచ్చింది. వెనక దారిన కాదు, ముందు తలుపు నుంచి. కాలేబు ఆమె చేతిలోని వైరు బుట్ట తీసుకుని అరలో పెట్టి, అందరికీ ఇచ్చినట్టే ఒక ప్లాస్టిక్ టోకెన్ ఇచ్చాడు. ఆమె జనం మధ్య నుంచి నెమ్మదిగా, ఒక కాలు ఈడ్చుకుంటూ, నూనె గుట్ట దగ్గరికొచ్చి బోర్డు వంక తలెత్తి చూసింది.

“మంచి రేటే ఎట్టారు.”

కాంతమణి ఒక ప్యాకెట్ తీసి ముందుకు చాచింది.

“ఒద్దులే, ఇయ్యకు. రేటు సూద్దామనొచ్చేను. అలవాటైపోనాది.”

“మీ సారేమన్నడక్కా?”

“ఏటంటాడు. అందరి ముందూ అరిసినాడు. రేపట్నించి రావద్దన్నాడు.” ముక్కుపుడక తళుక్కుమంది. “పొద్దున నీకు తెల్సా?”

కాంతమణి చాచిన ప్యాకెట్‌ని పక్కనున్న ఎవరో అందుకుని వెళ్ళిపోయారు.

“పది దాటాక రమ్మన్నావు,” అంది అచ్చియమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు. “నాకే బుర్ర నేదు.” టోకెన్ చేతిలో తిప్పుతూ, “నోవహుబాబుకి కార్డొస్తాదా మరి?”

“వస్తదంట.”

“రానీ. మందులకి తడుముకోనక్కర్నేదు.”

“ఆంటీ, కొంచెం జరుగుతారా?” అన్నాడు ట్రాలీతో వచ్చిన కుర్రాడు. అచ్చియమ్మ జరిగింది. ఇంకో ట్రాలీ వచ్చింది, ఇంకా జరిగింది. బిల్లు లేనివాళ్ళు బయటికి వెళ్ళే సన్నదారిలో ఆమె వెడల్పాటి వీపు కనబడింది, తర్వాత కనబడలేదు.

“సార్, ఐదు నిమిషాలు బయటికి పోయొస్త,” అంది కాంతమణి.

“ఇప్పుడా? రష్ చూడండి ఆంటీ!” సూరి ముఖం వెలిగిపోతోంది. “మీ పేరు ఆఫీసుకి చెప్పేశాను, తెలుసా?”

ఆమె తల ఊపింది. ఇంకో ప్యాకెట్ తీసింది.

రష్ తగ్గాక కోటు విప్పకుండానే బస్టాపుకి పరుగెత్తింది. యాప్రాల్ వైపు బస్సు పోయిందని టీ బండివాడు చెప్పాడు. అచ్చియమ్మ యాప్రాల్‌లో ఎక్కడో కడుతున్న అపార్ట్‌మెంట్ల వెనక ఉంటుందని మాత్రమే కాంతమణికి తెలుసు. ఏ సందో, ఎవరింటి పక్కనో ఎన్నడూ అడగలేదు.

తిరిగొచ్చేసరికి కాలేబు సంచులు పెట్టే అరల ముందు నిలబడి ఉన్నాడు. “గీ బుట్ట ఎవరిదో తీస్కపోలే, మణమ్మా. టోకెన్ సుత వాపస్ రాలే. తెలుసా నీకు?”

అరలన్నీ ఖాళీ అయిపోయి ఒక్కటే మిగిలింది. నీలం, తెలుపు వైరుతో అల్లిన బుట్ట. అచ్చియమ్మ గంప షాపులోని తన సొంత సామానంతా అందులో వేసుకొచ్చినట్టుంది. కింద దువ్వెన, స్టీలు డబ్బా, సగం ఖాళీ అయిన నొప్పుల మందు ట్యూబు. పైన, ఏసీ చలికి గచ్చు మీద నిలబడేవాళ్ళు తొడుక్కునే గోధుమరంగు మేజోళ్ళ జత. ఒకటి లోపలివైపు పైకి తిరిగి, ఇప్పుడే కాలి నుంచి లాగినట్టు, మడమ గుండ్రం అలాగే నిలిచి ఉంది.