ఇద్దరికీ ఒకే డ్రమ్ సెట్టు

"నేర్చుకునే పిల్లకీ, ముప్పై ఏళ్లుగా వాయిస్తున్న నాకూ కలిపి ఒకటే సెట్టు కావాలి" అన్నాను.

దుకాణం తమ్ముడు తల గోక్కున్నాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, ఇరవై ఏళ్లుగా నాకు డ్రమ్ము కర్రలు అమ్ముతున్నవాడు.

"పెద్దదైతే పాపకి కాలు అందదన్నా. చిన్నదైతే నీకు ఆనదు."

"ముందు చూపించరా బాబూ. కొనకముందే పేచీలా?"

పక్కనే ఉన్న మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. దానికి పన్నెండేళ్లు. ఏడాదిగా నా దగ్గరే నేర్చుకుంటోంది.

ఆర్కెస్ట్రావాళ్లు నన్ను పిలవడం మానేసి నాలుగు నెలలైంది. నేను మరీ గట్టిగా కొడుతున్నానట. మరి నాకు 'పిడుగు' అని పేరెందుకు పెట్టారో వాళ్లనే అడగాలి. పోతే పోనీ, పిల్లకి నేర్పుకుంటాను, ఆ పని నా నుంచి ఎవడూ లాక్కోలేడు అనుకున్నాను. నాకు మిగిలిందల్లా అదొక్కటే. ఆ సెట్టు కోసమే వచ్చాం.

కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఇరవై అంగుళాలది ఎంచాను. ఇరవై రెండుది హాల్లో బాగుంటుంది గానీ ఇంట్లో గోడలు అదురుతాయి, పైన బిగించిన చిన్న డ్రమ్ములు పిల్ల గడ్డం దాకా వచ్చేస్తాయి. ఇరవైదాని బిగింపు కాస్త వదులు చేస్తే నాలాంటివాడికీ సరిపోయేంత బరువుగా పలుకుతుంది. స్టాండ్లన్నీ పైకీ కిందికీ జరుగుతున్నాయో లేదో ఒక్కొక్కటే లాగి చూశాను. స్టూలు ఎత్తు సరిచేసి పిల్లని కూర్చోబెట్టి నాలుగు దెబ్బలు కొట్టించాను. మణికట్టు విసురు అచ్చం నాదే. గర్వంతో తమ్ముడి వంక చూశాను.

ఇక మిగిలినవి సింబల్స్. ఆ కంచు పళ్లేలు జీవితాంతం ఉండేవి, డ్రమ్ములు మారినా అవి మారవు.

మొదటిది కొట్టాను. "ఏంట్రా ఇది, అన్నం కంచమా? మోతే లేదు."

రెండోది కాస్త నయం, అంతే.

"దాచుకున్నవి తియ్యరా. నేనేం కొత్తవాణ్ణా?"

వాడు ఏదో అనబోయి, పిల్ల వంక చూసి, లోపల్నుంచి మందపాటిది ఒకటి తెచ్చి బిగించాడు. ఒంట్లో బలమంతా పెట్టి కొట్టాను. హమ్మయ్య, పలికింది.

"అదీ మోతంటే! ఎలా ఉందే?"

"చాలా బాగుంది నాన్నా."

బాగుందని నవ్వుతున్న పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. తమ్ముడు భుజాలు పైకి లాక్కున్నాడు. అవతల గిటార్లు చూస్తున్న ఒకావిడ రెండు చెవులూ మూసుకుని నన్ను తిట్టుకుంటోంది.

మళ్లీ కొట్టాను, ఈసారి మెల్లగా, పిల్లనే చూస్తూ. నాకు కర్ర తగిలిన చప్పుడే వినబడింది, మోత వినబడలేదు. పిల్ల రెప్పలు మాత్రం వణికాయి.

కర్రలు దించేశాను. ఆడలేక మద్దెల ఓడు అని నా దగ్గరికొచ్చిన కుర్రాళ్లని ఎంతమందిని తిట్టానో లెక్కలేదు.

"నీకెప్పట్నించి తెలుసే?" అన్నాను.

పిల్ల తల దించుకుంది. "పోయిన పరీక్షలప్పటి నించి. అలారం మోగుతుంటే నువ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నావు."

"అమ్మకి చెప్పావా?"

"లేదు. చెప్తే నీతో డ్రమ్స్ మాన్పించేస్తుంది. నువ్వు కొట్టేటప్పుడు నేను చెవుల్లో దూది పెట్టుకుంటున్నాగా, ఏం కాదులే నాన్నా."

దూది. సొంత కూతురి చెవులు కూడా పాడుచేస్తున్నానని ఆర్కెస్ట్రావాళ్లు చెప్పలేదు, పిల్లా చెప్పలేదు. ఏడుపొచ్చింది. దుకాణంలో, అంతమందిలో, ముక్కు చీదుకుంటున్నట్టు నటించాను. తమ్ముడు పెద్ద మనసు చేసుకుని స్టాండ్ల మరలు బిగిస్తూ కూర్చున్నాడు, బిగించినవే మళ్లీ.

కర్రలు పిల్ల చేతిలో పెట్టాను. "నువ్వే ఏరు. మూడూ కొట్టి చూసుకో."

"ఇద్దరికీ కదా అన్నావు?"

"ఇద్దరికీ ఇక నీ చెవులే."

అది వద్దన్నట్టు తల ఊపింది. నేను పక్కకి జరిగాను. చివరికి లేచి, నేను అన్నం కంచం అని వెక్కిరించిన మొదటిదాని అంచు మీద చిన్నగా ఒక్క దెబ్బ వేసింది.

నాకు టక్ మని వినబడింది. ఆ తర్వాత ఏమీ లేదు. పిల్ల మాత్రం కర్ర గాల్లోనే ఆపి, తల ఓ పక్కకి వంచి వింటూ ఉండిపోయింది. తమ్ముడు మరలు బిగించడం ఆపాడు. చెవులు మూసుకున్నావిడ కూడా ఇటు తిరిగి వింటోంది. అది ఎంతసేపు మోగుతుందో తెలియక నేను మా అమ్మాయి మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి పిల్ల కర్ర దించింది. అప్పుడు తెలిసింది నాకు, మోత ఆగిపోయిందని.